ముఖ్య అతిథి వచ్చేదాకా

పారిజాత పోయిందన్న వార్త పొద్దున ఏడింటికి టీవీలో వస్తే, ఏడున్నరకల్లా పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజిలో ఆమెకు ముప్పై ఏళ్ళనాటి అభిమానులు తయారైపోయారు. మునిలక్ష్మి ఇడ్లీ పాత్ర దించేలోపే ఫోన్లో ముప్పై ఆరు దండాలూ, పద్దెనిమిది దీపాలూ, ఒక ఏడుస్తున్న ఏనుగూ వచ్చి పడ్డాయి. ఏనుగెందుకో ఆమెకు అర్థం కాలేదు. పంపినవాడు చిన్న కార్ఖానాల యజమానుల సంఘానికి కోశాధికారి. వాళ్ళింట్లో ఒకప్పుడు పారిజాత టీవీలో కనబడితే చాలు, "మార్చండి, పిల్లలుండారు" అని కేకలు పెట్టేవాడు. ఆ పిల్లలిప్పుడు పెళ్ళిళ్ళయి మడివాళలో కాపురాలు చేసుకుంటున్నారు. తండ్రి మాత్రం "సంగీత సరస్వతి ఇక లేరు" అని రాసి, దాని కింద తన కార్ఖానా పేరూ ఫోను నంబరూ వేసుకున్నాడు.

"చూసినావా లక్ష్మీ, అందరూ ఎంత బాధపడతా ఉండారో," అన్నాడు ఆమె భర్త హరి, ఒక చేత్తో ఫోను జరుపుతూ, ఇంకో చేత్తో ఇడ్లీ చట్నీలో ముంచుతూ.

"అవును పాపం. నంబరు కూడా ఇచ్చినారు, ఓదార్చేవాళ్ళు ఫోను చేసేదానికి."

హరి తలెత్తి చూశాడు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయినా భార్య ఏ మాట నిజంగా అంటుందో, ఏ మాట వెక్కిరింతగా అంటుందో అతనికి పట్టుబడలేదు. లేతు మిషను మీద ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కే మనిషే, కానీ ఈ ఒక్క కొలత మాత్రం చేతికి రాలేదు.

పారిజాత దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల ఇంట్లో పుట్టింది. ఎనిమిది మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్క గదిలో ఉన్న తల్లిని అన్నం అడగాలన్నా గొంతెత్తాల్సిందే. అలా ఎత్తిన గొంతు మళ్ళీ దించలేదు. తెలుగులో పాడింది, కన్నడంలో పాడింది, రెండూ కలిపీ పాడింది. చీర కట్టకుండా జీన్సు ప్యాంటు, వదులు చొక్కా వేసుకుని స్టేజంతా కలయదిరుగుతూ పాడేది. ఆ ప్యాంటు గురించి పెద్దమనుషులు చాలా ఏళ్ళు చింతించారు. పాట గురించి చింతించడానికి వాళ్ళకు తీరిక దొరకలేదు.

క్యాసెట్టులో పారిజాత వేరు, స్టేజి మీద పారిజాత వేరు. క్యాసెట్టులో ఆమె పాట ఇస్త్రీ చేసి మడత పెట్టిన బట్టలాగా ఉంటుంది. స్టేజి మీద అదే బట్ట కట్టుకుని వానలో నడిచి వచ్చినట్టుండేది. మగ్గంలో నాడె అటూ ఇటూ పరుగులు తీసే టకటక చప్పుడు మీద కట్టిన 'నాడె పాట' క్యాసెట్టులో నాలుగు నిమిషాలు. మైసూరులో అదే పాట తొమ్మిది నిమిషాలు పాడింది, హుబ్బళ్ళిలో పదకొండు. పోయిన సంవత్సరం కోలారులో మోకాళ్ళ నొప్పితో కుర్చీలో కూర్చుని ఆరు నిమిషాలు. మునిలక్ష్మి ఇవన్నీ పప్పు ఉడికేటప్పుడు ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి చూసింది. రెండు మూడుసార్లు పప్పు మాడింది కూడా.

పల్లవి చివరి మాటను పారిజాత ఎప్పుడూ దించాల్సిన చోట దించేది కాదు. ఎదురుగా ఉన్న జనం ఎక్కడ ఊపిరి బిగబడతారో చూసి, ఇంకో అర క్షణం ఆగి, అప్పుడు దించేది. ఆ అర క్షణంలో వేల తలకాయలు ముందుకు ఒరిగేవి. కోలారులో పై స్థాయిలో గొంతు బీటవారింది. ఇంకొకరైతే దగ్గి సర్దుకునేవారు. ఆమె ఆ బీటనే పట్టుకుని, కావాలని ఇంకో రెండుసార్లు అక్కడికే ఎక్కి, అది తప్పు కాదు, పాటలోనే ఉంది అన్నట్టు చేసేసింది.

టీవీలో గంట గంటకూ కన్నీళ్ళు పెట్టుకుంటున్న వాళ్ళెవరూ ఈ సంగతి ఎత్తలేదు. ఎన్ని పాటలు పాడిందో చెప్పారు. తమతో దిగిన ఫొటోలు చూపించారు. పెళ్ళి ఎందుకు నిలవలేదో నలుగురిని కూర్చోబెట్టి చర్చించారు.

హరి తన చిన్న కార్ఖానాకు వెళ్ళాక మునిలక్ష్మి బీరువా తెరిచి, పట్టుచీరల అడుగు నుంచి తువ్వాల్లో చుట్టిన క్యాసెట్టు తీసింది. దాన్ని వినడానికి ఇంట్లో ఇప్పుడు మిషను లేదు. పోయినేడాది కూతురు చైత్ర దాన్ని ఎక్కడో ఇచ్చి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టింది. అయినా క్యాసెట్టును ఒకసారి చేత్తో పట్టుకుంటే గానీ ఆమెకు తృప్తిగా ఉండదు. దాని మీద పందొమ్మిదేళ్ళప్పటి తన గుండ్రటి అక్షరాలున్నాయి: "పారిజాత – ఆయుధపూజ – పీణ్య – మన రోడ్డు".

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడామె బీకాం రెండో ఏడు. తండ్రి, అమరనాథ్ అనే యజమాని కార్ఖానాలో టర్నరు. ఆయుధపూజ నాడు మిషన్లకు విభూతి పట్టెలు పెట్టి, అరటి పిలకలు కట్టి, రోడ్డు పొడుగునా బూడిద గుమ్మడికాయలు పగలగొట్టి, సాయంత్రం నాలుగింటికి ఆర్కెస్ట్రా పెట్టారు. లారీ ట్రాలీయే స్టేజి. రావలసిన గాయని జ్వరమని రాలేదు. ఆర్కెస్ట్రా వాళ్ళు ఎవరో దొడ్డబళ్ళాపురం పిల్లని తెచ్చి నిలబెట్టారు. మునిలక్ష్మి సెల్లులు వేసిన టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, ముందు వరసలో, జమఖానా మీద, ఆడవాళ్ళతో కూర్చుంది.

మూడు పాటల తర్వాత ఆ పిల్ల ట్రాలీ మీద నుంచి కిందికి దూకింది. ఎవరి చేతిలోనో స్పానరు లాక్కుని, షెడ్డు ముందున్న ఇనుప రేకు మీద టకటకమని కొడుతూ నాడె పాట ఎత్తుకుంది. గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళు, అగరబత్తీలు చుట్టేవాళ్ళు, ఒకామె లేచింది, ఇంకొకామె లేచింది, కాసేపటికి జమఖానా సగం ఖాళీ అయింది. ఆడవాళ్ళు రోడ్డు మీద ఆడుతున్నారు! సంఘం కార్యదర్శి అమరనాథ్ పరిగెత్తుకొచ్చి, "ఆపండి! పూజ దినం ఏందీ కుప్పిగంతులు! నేను చెప్తా ఉండానా లేదా?" అని అరిచి, ఫ్యూజు పీకేశాడు. మైకు పోయింది. లేచినవాళ్ళు కూర్చున్నారు. టేప్ రికార్డరు మాత్రం సెల్లుల మీద తిరుగుతూనే ఉంది.

అప్పుడు పారిజాత ముందు వరస దగ్గరికి వచ్చి, వంగి అడిగింది: "అక్కా, కరెంటు తీసేసినారు. ఆపేయమంటారా? వాళ్ళని అడగలే, మిమ్మల్ని అడుగుతా ఉండా. మీరు చెప్పండి."

టేపులో అక్కడ నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. మునిలక్ష్మి లెక్కపెట్టింది, ఒకసారి కాదు. ఆ నాలుగు సెకన్లలో ఒక కాకి అరుస్తుంది. ఆడవాళ్ళెవరూ అరవరు. నోరు తెరిస్తే నాన్న పని పోతుందని భయపడ్డానని మునిలక్ష్మి చాలా ఏళ్ళు తనకు తాను చెప్పుకుంది. కానీ ఏ నాన్నా ఏ పనిలోనూ లేనివాళ్ళు కూడా ఆ జమఖానా మీద నోరు మూసుకునే కూర్చున్నారు. కాబట్టి అది కారణం కాదు, సాకు. పందొమ్మిదేళ్ళ పిల్లను ఒక మనిషి సూటిగా ఒక మాట అడిగింది, జవాబు చెప్పలేదు. అంతే సంగతి.

పారిజాత చిన్నగా నవ్వింది. "సరే అక్కా. మీ నోళ్ళు మీరు ఇంట్లో పెట్టి వచ్చినట్లుండారు. నాది నేను తెచ్చుకున్నా." మైకు లేకుండా, స్పానరు చప్పుడు మీద, పన్నెండు నిమిషాలు పాడింది. రోడ్డు చివర టీ అంగడి దాకా వినబడింది. ఎనిమిది మగ్గాలను దాటిన గొంతుకు ఒక ఫ్యూజు లెక్కా?

మళ్ళీ పీణ్యకు రాలేదు.

పారిజాత పోయిన మూడో రోజు అమరనాథ్ స్వయంగా మునిలక్ష్మి ఇంటికొచ్చాడు. ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు. అరవై ఎనిమిదేళ్ళు, తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, చొక్కా జేబులో నుంచి తన సొంత ఫొటో కనబడేలా పెట్టుకున్న ఐడీ కార్డు. ఎక్కడ చూసినా తనని అందరూ గుర్తుపట్టేవాళ్ళే అయినా, ముందుజాగ్రత్త.

"లక్ష్మమ్మా, నీ దగ్గర ఆ పొద్దు పాట క్యాసెట్టు ఉండాదంట కదా. హరి చెప్పినాడు."

హరి గోడవైపు చూశాడు.

"ఉండాది అమరన్నా. కాఫీ తాగండి."

"పారిజాతను మొట్టమొదట స్టేజి ఎక్కించింది ఎవురు? నేను! పీణ్యలో ఎవుర్నైనా అడుగు. ఆ పిల్లలో ఏదో ఉండాదని నేను ఆ పొద్దే కనిపెట్టినా. నేను చెప్తా ఉండానా లేదా?"

"చెప్తా ఉండారన్నా."

"ఈ ఆదివారం పదిన్నరకి సంఘం హాల్లో శ్రద్ధాంజలి సభ. ముఖ్య అతిథిగా మన మాజీ కార్పొరేటరు సార్ వస్తా ఉండారు. నేను మాట్లాడేటప్పుడు వెనకాల ఆ పాట సన్నగా వస్తా ఉండాల. జోరుగా వద్దు. నా మాట వినపడాల. ఒక రెండు నిమిషాలు సాలు."

"పూర్తిగా వేద్దామన్నా. నలభై ఐదు నిమిషాలే."

అమరనాథ్ జాలిగా నవ్వాడు. "ఎవురికమ్మా అంత పురుసొత్తు? భాషణాలే పన్నెండు ఉండాయి."

చచ్చిపోయిన గాయని సభలో పన్నెండుమంది మాట్లాడొచ్చు, గాయని మాత్రం పాడకూడదు. మునిలక్ష్మి ఆ మాట పైకి అనలేదు. అమరనాథ్ గ్లాసులో ఇంకాస్త కాఫీ పోసి, ఎటో చూస్తూ అంది: "అట్లయితే ముఖ్య అతిథి వచ్చేదాకా వేసుకుందాంలే అన్నా. ఆయన రానిది సభ మొదలుపెట్టరు కదా. మైకు సుమ్నే, ఊరికే ఖాళీగా ఉంటే బాగుండదు."

"అది కరెక్ట్! వచ్చేదాకా వెయ్యి. ఐదు నిమిషాలో పది నిమిషాలో. సార్ టైమంటే టైము."

ఆ సార్ టైము సంగతి పీణ్యలో పసిపిల్లలకు కూడా తెలుసు. పోయిన కన్నడ రాజ్యోత్సవానికి ఆయన వచ్చేసరికి ప్రార్థన పాడవలసిన పిల్లలు కుర్చీల మీద నిద్రపోయి ఉన్నారు. వాళ్ళను లేపి పాడిస్తే, అందులో ఒకమ్మాయి ఆవలిస్తూనే రాష్ట్రగీతం, ఆ నాడగీతం, పూర్తి చేసింది. అయినా రివాజు రివాజే. ముఖ్య అతిథి కాలు పెట్టనిదే దీపం వెలగదు, అధ్యక్షుడు గేటు వదలడు. మైసూరు పేటా తలపాగా, శాలువా, గంధపు దండ, పళ్ళ బుట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడటం అధ్యక్షుడి ధర్మం.

అమరనాథ్ వెళ్ళాక హరి నెమ్మదిగా అడిగాడు. "లక్ష్మీ, ఆ క్యాసెట్టులో ఆయన గొంతు ఉండాది కదా?"

"ఉండాది."

"ఆయనకి గుర్తు లేదా?"

"ఇరవై రోజుల కిందటి మాటే ఆయనకి కావలసినట్టు గుర్తుంటాది. ఇంక ఇరవై ఎనిమిదేళ్ళదా?"

"వద్దులే లక్ష్మీ. రేపు సంఘంలో మొహం మొహం చూసుకోవాల."

"నాకు ఆయన మొహంతో పని లేదండీ. ఆ పొద్దు ముందు వరసలో కూర్చున్నోళ్ళలో సగం మంది ఇంకా ఈ రోడ్డులోనే ఉండారు. ఆమె అడిగింది ఇంకొకసారి వాళ్ళ చెవిన పడాల. నా చెవిన కూడా. ఈసారన్నా జవాబు చెప్పాల." అని, తనే ఆ మాట విని కొంచెం సిగ్గుపడి, "గ్లాసులు ఇట్లివ్వండి," అంది.

శుక్రవారానికి ఫ్లెక్సీ లేచింది. ఇరవై అడుగులది. "భావపూర్ణ శ్రద్ధాంజలి" అని పైన, కింద ఇరవై ఒక్క మంది సంఘ సభ్యుల మొహాలు, ఒక్కొక్కటి పెద్ద పళ్ళెమంత. మధ్యలో అమరనాథ్ నమస్కారం పెడుతూ, నవ్వుతూ. ఎడమ మూలలో పారిజాత తపాలా బిళ్ళంత. ఆ తపాలా బిళ్ళకు కూడా మర్యాద చేశారు: కంప్యూటర్లో ఆమె భుజాల మీదికి ఎర్ర పమిట కప్పి, నుదుట కాసంత బొట్టు పెట్టారు. పమిట కప్పేటప్పుడు ఎడమ చెయ్యి ఎటో పోయింది. ముప్పై ఏళ్ళు ఒంటి మీదికి రానివ్వని చీరను చచ్చాక కట్టించారు, అదీ చెయ్యి తీసేసి. ఎవరు చనిపోయారో తెలియనివాళ్ళు ఆ ఫ్లెక్సీ చూస్తే, నవ్వుతున్న ఇరవై ఒక్క మందీ ఒకే రోజు పోయారేమో అనుకుని దండం పెట్టుకుని వెళతారు.

ఆదివారం పదిన్నర సభకు మునిలక్ష్మి పదికే వెళ్ళి, మైకుసెట్టు ఓబులేసు చేతికి పెన్ డ్రైవ్ ఇచ్చింది. ఓబులేసుది కదిరి దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళుగా పీణ్యలో పెళ్ళికైనా చావుకైనా మైకు అతనిదే. హాల్లో రెండు స్పీకర్లు పెట్టాడు, గేటు మీద రోడ్డు వైపుకు ఒక పెద్ద హారన్ కట్టాడు.

"ఓబులేసన్నా, ఇది నడుమ ఆపొద్దు. ఆపినావంటే మళ్ళీ మొదటి నుంచి వస్తాది."

"అట్లాంటివి కూడా ఉంటాయా అక్కా?"

"ఇది ఉండాది."

అతను ఆమె వంక ఒక నిమిషం చూసి, నమ్మకుండానే తలూపాడు. "మీరు చెప్పినారు, నేను విన్నా. ఎవురన్నా అడిగితే అదే చెప్తా."

పదకొండుకు హాలు నిండింది. ముందు వరసలో అమరనాథ్ భార్య భాగీరథమ్మ, కుంకుమరంగు పట్టుచీర, చేతిలో దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె. ఆ అగ్గిపెట్టె పట్టుకోవడమే సంఘంలో ఆమె హోదా. భర్త ఏమన్నా తలూపుతుంది, భర్త ఏమీ అనకపోయినా తలూపుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఆ జమఖానా మీద కూడా మునిలక్ష్మి పక్కనే కూర్చుంది, అప్పుడూ యజమాని భార్యే. ఈమె మెడలో స్ప్రింగు ఉందేమోనని మునిలక్ష్మికి ఎప్పటినుంచో అనుమానం.

"రా లక్ష్మీ, కూర్చో," అంది భాగీరథమ్మ పక్క కుర్చీ చూపించి.

"సార్ గొరగుంటెపాళ్య సిగ్నల్లో ఉండారంట! ఐదు నిమిషాలు!" అని అమరనాథ్ హాలంతటికీ వినబడేట్టు ప్రకటించి, "ఓబులేసూ, ఏదో ఒకటి వెయ్యప్పా అంతదాకా," అని, పేటా శాలువా దండతో గేటుకు నడిచాడు. గొరగుంటెపాళ్య సిగ్నల్లో ఐదు నిమిషాల్లో బయటపడినవాళ్ళను ఆ హాల్లో ఎవరూ ఎరగరు.

టేపు మొదలైంది. మొదట బరబర చప్పుడు, పిల్లల ఏడుపు, ఎవరో గుమ్మడికాయ పగలగొట్టిన శబ్దం. తర్వాత ఆ గొంతు. హాల్లో మాటలు ఆగలేదు. కోశాధికారి ఫ్లెక్సీలో తన మొహం ఎండకు వెలిసిందని గొడవ పడుతున్నాడు. వెనక ఒకామె ఫోన్లో ఉల్లిగడ్డ బేరం చేస్తోంది. రెండో పాటలో పారిజాత పల్లవి చివరి మాటను పట్టుకుని ఆగింది. ఆ అర క్షణంలో బేరం చేస్తున్నామె కూడా ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలియదు. మాట దిగాక "ఆఁ, ఏమన్నావు?" అంది ఫోన్లోకి, కానీ ఈసారి గొంతు తగ్గించి.

నాడె పాట వచ్చేసరికి గేటు బయటి నుంచి జనం రావడం మొదలుపెట్టారు. ఆదివారం కార్ఖానాలు లేవు. టీ అంగడి దగ్గర కూర్చున్న ముసలి టర్నర్లు, రిటైరైన వెల్డర్లు గ్లాసులతోనే వచ్చి గోడల వెంట నిలబడ్డారు. పిలుపులు అందినవాళ్ళు కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. పిలవనివాళ్ళు పాట వింటున్నారు. స్పానరు ఇనుప రేకు మీద పడుతున్న ప్రతి దెబ్బకూ గోడవారనున్న ఒక ముసలాయన బొటనవేలు నేల మీద తాళం వేస్తోంది. టేపులో ఆడవాళ్ళ నవ్వులు, గాజుల చప్పుడు, పారిజాత ఆయాసం, చొక్కా చేతితో మొహం తుడుచుకున్నట్టు మైకుకు బట్ట రాసుకున్న శబ్దం. ఇవేవీ రికార్డుల్లో ఉండవు.

అప్పుడు హారన్లో నుంచి రోడ్డంతటికీ వినబడింది: "ఆపండి! పూజ దినం ఏందీ కుప్పిగంతులు! నేను చెప్తా ఉండానా లేదా?"

గొంతు వయసులో ఉంది. మాట మాత్రం మారలేదు. హాల్లో అరవై తలకాయలు ఒక్కసారిగా గేటు వైపు తిరిగాయి.

గేటు దగ్గర అమరనాథ్ చేతిలో పేటాతో కొయ్యబారిపోయాడు. లోపలికి నాలుగడుగులు వేశాడు. జేబులో ఫోను మోగింది. "ఆఁ సార్! వచ్చేసినారా? ఇక్కడే ఉండా సార్, గేటులోనే!" నాలుగడుగులు వెనక్కి వేశాడు. లోపలికెళితే అతిథి తప్పిపోతాడు, గేటు దగ్గరుంటే గౌరవం పోతుంది. అధ్యక్ష పదవి తెచ్చిపెట్టే ఇంత చిక్కు మునిలక్ష్మి ఎప్పుడూ చూడలేదు. చూసి సంతోషించింది కూడా, దాచుకోవడమెందుకు? కానీ సంతోషం నిలవలేదు. ఇంకో పది సెకన్లలో ఆ ప్రశ్న వస్తుంది.

టేపులో మైకు ఆగిపోయిన చప్పుడు. జనం గుసగుస. దగ్గరికొచ్చిన అడుగులు.

"అక్కా, కరెంటు తీసేసినారు. ఆపేయమంటారా? వాళ్ళని అడగలే, మిమ్మల్ని అడుగుతా ఉండా. మీరు చెప్పండి."

నాలుగు సెకన్లు. మునిలక్ష్మి నోరు తెరిచింది. మూడు నాలుగు రోజులుగా వంటింట్లో అనుకుంటున్న మాట, రెండు ముక్కల మాట, గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. చుట్టూ సంఘం, పక్కన అధ్యక్షుడి భార్య, వెనక ఎక్కడో హరి. నలభై ఏడేళ్ళు వచ్చాయి, డిగ్రీ ఉంది, నాన్న పోయి పదేళ్ళయింది, పోవడానికి ఏ పనీ లేదు. అయినా అదే జమఖానా. ఊరందరినీ వెక్కిరించగల నోరు ఒక్క మాటకు ఎండిపోయింది. కాకి అరిచింది.

"పాడు తల్లీ!"

మునిలక్ష్మి ఉలిక్కిపడింది. ఆ మాట పక్క కుర్చీలో నుంచి వచ్చింది. భాగీరథమ్మ అగ్గిపెట్టె ఒళ్ళో పడేసి, స్పీకరు వైపు చూస్తూ, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నట్టే అంటోంది. "పాడమ్మా. ఎవురో చెప్తే ఆపేదేంది? పాడు."

"పాడు," అంది మునిలక్ష్మి. రెండోదిగా. ఎంతగా ముందుండాలని అనుకున్నా, రెండోదిగానే. వెనక నుంచి ఇంకెవరో "పాడక్కా" అన్నారు, గోడవార నుంచి మగ గొంతులు కలిశాయి. టేపులో పారిజాతకు ఇవేవీ తెలియవు. ఆమె చిన్నగా నవ్వి, "సరే అక్కా. మీ నోళ్ళు మీరు ఇంట్లో పెట్టి వచ్చినట్లుండారు," అంది. హాలంతా ఘొల్లుమని నవ్వింది. భాగీరథమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని వింటోంది.

"వదినా, మీకు గుర్తుండాదా ఇదంతా?" అంది మునిలక్ష్మి మెల్లగా.

"ఎందుకు గుర్తుండదే? నా కాలి పక్కనే నిలబడి అడిగింది. ఆ పొద్దు ఇంటికి పోయి అన్నం తినలేదు నేను. ఆయనకి కడుపు నొప్పి అని చెప్పినా." మునిలక్ష్మి వైపు తిరిగి అంది, "నువ్వు కూడా పక్కనే ఉంటివి. నువ్వు చదువుకున్నదానివి, చెప్తావేమో అనుకున్నా."

మునిలక్ష్మికి ఇంతకాలం ఆమె మెడలో స్ప్రింగు వెతికిన తన తెలివిని తలచుకుంటే, కోశాధికారి ఏడుపు ఏనుగే నయమనిపించింది.

మైకు లేని పాట సగంలో ఉండగా కారు వచ్చింది. పేటా పెట్టించుకుని, శాలువా కప్పించుకుని ముఖ్య అతిథి లోపలికి నడిచాడు. ముందు నడుస్తున్న అమరనాథ్ చెయ్యి ఊపుతూ అరిచాడు: "ఓబులేసూ, ఆపప్పా! ఆపు! నేను చెప్తా ఉండానా లేదా?"

ఈసారి నవ్వు గోడల దగ్గర మొదలై ముందు వరస దాకా వచ్చింది. ఏమైందో తెలియక ముఖ్య అతిథి తన పేటా సరిచూసుకున్నాడు.

"ఆపితే మళ్ళీ మొదటి నుంచి వస్తాది అన్నా," అన్నాడు ఓబులేసు వినయంగా. "మీ మాట కూడా మళ్ళీ వస్తాది."

అమరనాథ్ అతిథిని వేదిక మీదికి నడిపించాడు. మాజీ కార్పొరేటరు, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి వేదిక మీద కూర్చుని, గంధపు దండలు వేసుకుని, మిగిలిన ఆరు నిమిషాలూ గత్యంతరం లేక పారిజాత పాట విన్నారు. వాళ్ళ జన్మలో అంతసేపు వినడం అదే మొదలు. చివర టేపు టక్కుమని ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లకు వేళ మించిపోయిందని అందరికీ తెలిసినట్టుంది.

తర్వాత అమరనాథ్ లేచి మైకు పట్టుకున్నాడు. ఇప్పుడేమంటాడో అని మునిలక్ష్మి కుతూహలంగా ముందుకు ఒరిగింది. ఆ మనిషిని ఆమె ఇంకా తక్కువే అంచనా వేసింది.

"అందరూ విన్నారు కదా. ఆ పొద్దు 'ఆపండి' అని అరిచింది ఎవురు? నేనే! ఎందుకు అరిచినా? మైకు లేకుండా పాడితే ఆ బిడ్డ గొంతు ఏమైపోతాదో అని! కన్నబిడ్డలాగా..." అతని గొంతు జీరబోయింది. ముఖ్య అతిథి శాలువా అంచుతో కళ్ళొత్తుకున్నాడు. కోశాధికారి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

పన్నెండు ప్రసంగాలు అయ్యాయి. ఒకాయన ఆమె పేరు పద్మజ అన్నాడు, ఇంకొకాయన సరిదిద్ది వనజ అన్నాడు. చివరికి అమరనాథ్ మళ్ళీ మైకు దగ్గరికి వచ్చి, "ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. మునిలక్ష్మి సగం లేచింది. మణికట్టు మీద చెయ్యి పడింది.

"కూర్చో," అంది భాగీరథమ్మ. "ఆమెకి మౌనం మనం ఆ పొద్దే ఇచ్చేసినాం."

ఇద్దరూ కూర్చున్నారు. నిలబడ్డవాళ్ళ నడుముల మధ్య నుంచి వేదిక మీది దీపం కొంచెం కనబడుతోంది. హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో భాగీరథమ్మ ఉంగరం వేలితో ఇనుప కుర్చీ చేతి మీద మెల్లగా కొట్టింది. టక టక. టక టక. మునిలక్ష్మి తాళం చెవుల గుత్తి తీసి, తన కుర్చీ చేతి మీద కలిపింది. గోడవార ముసలాయన బొటనవేలు నేల మీద కదిలింది.

"ఎవురది? ఆపం..." అన్నాడు అమరనాథ్ మైకులో. హాలంతా కళ్ళు తెరిచి తనవైపే చూస్తోందని గమనించి, మిగతా మాట మింగేశాడు.